నలభయ్యో స్నానం

"అవ్వా, ఆ ప్లాస్టిక్ మగ్గు పక్కన పెట్టేయ్. ఇత్తడి చెంబు తీసుకో," అంది మౌనిక, బాత్రూం గడప దగ్గర గొంతుక్కూర్చుని ఫోను సరిచేసుకుంటూ.

మల్లమ్మ చేతుల నిండా శెనగపిండి. పొట్టి పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైదాకా ఎగదోపి, కాళ్ళు బారచాపుకుని ఉంది. ఆ కాళ్ళ మీద ఆ ఇంటామె జెస్సీ కూతురు బోర్లా పడుకుని ఉంది, ముక్కులోకి చుక్క నీరు పోకుండా ముఖం పాదాల మధ్య సందులోకి వచ్చేట్టు. ఇది ఇరవై తొమ్మిదో స్నానం. మొదటి వారం గుక్కపట్టి ఏడ్చిన పిల్ల ఇప్పుడు వీపు మీద వేణ్ణీళ్ళు పడగానే ఒళ్ళు వదిలేస్తుంది. మల్లమ్మకు ఈ పనిలో ఇష్టమైనది అదొక్కటే. పొద్దున్నే హొసకోటెలో బయల్దేరి, రెండు బస్సులు మారి, సర్జాపుర రోడ్డు మీద ఈ తొమ్మిదో అంతస్తుకు వచ్చేది ఆ ఒళ్ళు వదిలేయడం కోసమేనని ఆమె అనుకుంటుంది.

"చెంబు జారుతాది పాపా. నూనె చేతులు. పట్టుకునేకి చెవి కూడా లేదు దానికి."

"వీడియోలో చెంబే బాగుంటాది అవ్వా. మగ్గు పెడితే హాస్టలు మాదిరి ఉంటాది."

ఆ చెంబు జెస్సీ వాళ్ళది కాదు, మల్లమ్మదీ కాదు. మౌనిక బ్యాగులో ఇంటింటికీ తిరిగే చెంబు. శ్రీజ మేడం ఆన్‌లైన్లో కొన్నది. 'అమ్మమ్మ చెయ్యి' అని పేరు పెట్టి, పసిపిల్లలకు నీళ్ళు పోసే ఆడవాళ్ళను అపార్ట్‌మెంట్లకు పంపించే వ్యాపారం ఆమెది. దుకాణం లేదు, బోర్డు లేదు. ఉన్నదంతా ఫోన్లోనే: ఒక ఇన్‌స్టా పేజీ, ఒక బ్లాగు, ఒక వాట్సాప్ నంబరు. పదకొండు మంది ఆడవాళ్ళు. వీడియోలు తీసి, రాతలు రాసి, వచ్చిన ప్రతి కామెంటుకూ చేతులు జోడించే బొమ్మ పెట్టడం మౌనిక ఉద్యోగం. యలహంకలో పుట్టి పెరిగిన పిల్ల, తెలివైనది, నిద్ర తక్కువ.

మల్లమ్మ చెంబు అందుకుంది. వేడినీళ్ళకు అది కాలింది. మోచేత్తో నీళ్ళు చూసి, చల్లనీళ్ళు ఇంకాస్త కలిపి, బిడ్డ వీపు మీద సన్నధార పోసింది. మెడ కింద, చంకల్లో, తొడల మడతల్లో వేళ్ళు వాటంతటవే నడిచాయి. కుడిచేయి ఎడమకాలికి, ఎడమచేయి కుడికాలికి తగిలించి రెండుసార్లు సాగదీసింది. బిడ్డ కూనిరాగం తీసింది. తువ్వాలు పట్టుకుని నిలబడ్డ జెస్సీ నవ్వింది.

"సూపర్ అవ్వా. ఇప్పుడు దిష్టి తియ్యి," అంది మౌనిక.

"ఈ ఇంట్లో తియ్యను. వీళ్ళు చర్చికి పొయ్యేవాళ్ళు. ఆ తల్లి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసుకుంటాది. అది సాకు, అంతే చాలు."

నిజానికి ఏ ఇంట్లోనూ తీయడం లేదు. కరోనా వచ్చి పోయినప్పటి నుంచి మల్లమ్మ 'థూ థూ' అనడం మానేసింది. అంతకు చాలా ముందే ముక్కు ఊదడం మానేసింది, చెవిలో నూనె మానేసింది, సాంబ్రాణి పొగ మానేసింది. పిల్లల డాక్టరు వద్దన్నారని ఏ తల్లి చెప్పినా ఎదురు చెప్పకుండా మానేసేది. గోళ్ళు వారానికి రెండుసార్లు తీసుకునేది. పని నిలవాలంటే కాలంతోపాటు పోవాలని ఆమెకు ఎవరూ బ్లాగులో రాసి చెప్పలేదు, ఆమెకే తెలుసు.

మౌనిక ఇంకో ఫోనులో శ్రీజకు చేసి స్పీకర్లో పెట్టింది. శ్రీజ గొంతు హుషారుగా వచ్చింది. "జెస్సీ, జస్ట్ రీల్ కోసమే. మీ బిలీఫ్స్‌కి ఫుల్ రెస్పెక్ట్. ఆ ఒరిజినల్ ఫ్లేవర్ ఉంటే రీచ్ వేరే లెవెల్లో ఉంటుంది. మల్లమ్మా, దిష్టి తగలకుండా పాతకాలంలో ఎలా తిట్టేవాళ్ళో అలా తిట్టాలి, సరేనా? ముద్దుగా."

మల్లమ్మ జెస్సీ వంక చూసింది. "ఏం తల్లీ?"

"వీడియోకే కదా ఆంటీ. పర్లేదు. మా ఆయన స్టాన్లీ కూడా చూసి నవ్వుకుంటాడు."

మొదటిసారి మల్లమ్మ నోట్లోనే గొణిగింది. రెండోసారి మౌనిక "ఇంకా గట్టిగా అవ్వా, వినబడలే" అంది. మూడోసారికి మల్లమ్మకే సరదా పుట్టింది. బిడ్డను ఒళ్ళో వెల్లకిలా తిప్పుకుని, గుప్పెడు నీళ్ళు చుట్టూ తిప్పి పారబోసి, "థూ! థూ! థూ! ఏం బిడ్డమ్మా ఇది! గుడ్లగూబ మొగము, కోతి చెవులు. ఎవురికి కావల్ల నువ్వు? పారేస్తా పో, కుప్పలో పారేస్తా!" అంది. నోట్లోంచి తుంపర కూడా రాలేదు. నాలుకా పెదాలూ చేసిన చప్పుడు, అంతే. బిడ్డ బోసినోరు తెరిచి నవ్వింది.

"పర్ఫెక్ట్!" అంది ఫోన్లోంచి శ్రీజ.

స్నానం అయ్యాక జెస్సీ బిడ్డను తువ్వాలులో చుట్టి, అరచెయ్యి తలమీద ఉంచి, కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. రోజూలాగే అది అయ్యేదాకా మల్లమ్మ తలవంచుకుని నిలబడింది. తరువాత బకెట్టు కడిగి, ప్లాస్టిక్ మగ్గు బోర్లించింది.

గేటు బయట సెక్యూరిటీ గది పక్కన సిమెంటు బెంచీ ఉంది. బస్సుకు ఇంకా టైముంది. మౌనిక టీ ఇప్పించి, బ్లాగులో కొత్తగా పెట్టింది చదివి వినిపించింది. దాని పేరు 'మల్లమ్మ మాట'. మల్లమ్మ మాట్లాడినట్టే ఉంటుంది, ఇంగ్లీషులో. మౌనిక తెలుగు చేసి చెబుతోంది.

"'మా వంశంలో ఏడు తరాలుగా ఈ విద్య ఉంది. మా అవ్వ పాళెగాళ్ళ పిల్లలకు నీళ్ళు పోసింది. అడవిలో వెన్నెల రాత్రి ఏరిన మూలికలతో...'"

"ఎవురి అవ్వ?"

"నీ అవ్వే."

"మా అవ్వ బెల్దారి పనికి ఇటికెలు మోస్తా ఉండె. నాకీ పని నేర్పింది యలహంకలో ఉన్నప్పుడు మా ఎదురింటి గౌరక్క. కన్నడామె. నా మూడో కాన్పుకు ఆమే పోసింది, చూసి నేర్చుకుంటిని. అంతే కదప్పా."

"అది రాస్తే ఎవరు చదువుతారు అవ్వా?"

మల్లమ్మ నవ్వి టీ చప్పరించింది. అబద్ధమే అయినా తనను పొగిడే అబద్ధం. ఏడు తరాలు అనే మాట ఆమెకు కొంచెం నచ్చింది కూడా, ఆ సంగతి పైకి అనలేదు. సెక్యూరిటీ మంజునాథ్ కిటికీలోంచి తల బయట పెట్టి, "ఏనమ్మా మల్లమ్మా, మా మిసెస్సు నీ వీడియో చూస్తాది దినామూ. నువ్వు ఫేమస్సు అయిపోతివి," అన్నాడు.

"ఫేమస్సు అయితే బస్సు తొందరగా వస్తాదేమప్పా?" అంది మల్లమ్మ.

ఇంటికి పోగానే బీరువా అద్దం మీద ఒక బొట్టుబిళ్ళ అంటించింది. పట్టిన ప్రతి బిడ్డకూ ఇదే లెక్క. రోజుకొక బిళ్ళ, వరసకు పది, నాలుగు వరసలు. నలభై అయ్యాక అన్నీ గీకేసి అద్దం తుడిచి కొత్త బిడ్డను మొదలుపెడుతుంది. ఈ ముప్ఫై ఏళ్ళలో పట్టిన బిడ్డను మధ్యలో వదిలింది లేదు. మొగుడు పోయినప్పుడు కూడా మూడోరోజు మడమలు పగిలిన కాళ్ళతోనే పోయి ఎవరి బిడ్డకో నీళ్ళు పోసింది. మొదటి చెంబు పోసిన చెయ్యే ఆఖరి చెంబు పోయకపోతే బిడ్డకు భయం పట్టుకుంటుందని గౌరక్క చెప్పింది. ఏది మానుకున్నా మల్లమ్మ ఆ మాట మాత్రం మానుకోలేదు.

రీలు శనివారం సాయంత్రం పెట్టారు. ఆదివారం మధ్యాహ్నానికి, మల్లమ్మ ముప్ఫై ఒకటో స్నానం చేయించి బస్సు దిగేసరికి, శ్రీజ దగ్గరి నుంచి ఏడు ఫోన్లు వచ్చి ఉన్నాయి. ఇంటికి పోకుండా వెనక్కి పోయే బస్సెక్కి శ్రీజ ఆఫీసుకు పోయింది.

ఆఫీసు అంటే ఒక జిమ్ము పైన రెండు గదులు. కింద ఇనుము పడేస్తున్న చప్పుడు పైకి వినబడుతూ ఉంటుంది. శ్రీజ కళ్ళు వాచి ఉన్నాయి. మౌనిక గోడవైపు తిరిగి లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది, పలకరించలేదు.

శ్రీజ ఫోను చూపించింది. తొమ్మిది నిమిషాల పనిలో పదకొండు సెకన్లు ఎవరో కత్తిరించారు. మల్లమ్మ 'థూ థూ' అంటోంది. కింద ఇంగ్లీషు అక్షరాలు నడుస్తున్నాయి.

"ఆ రాత ఏంది?"

మౌనిక గోడతోనే చెప్పింది, "నువ్వన్న మాటలే అవ్వా. గుడ్లగూబ మొగం, ఎవరికీ అక్కర్లేదు, కుప్పలో పారేస్తా. సబ్‌టైటిల్సు. నవ్వొస్తాదని నేనే పెట్టినా."

"పనిమనిషి పసిబిడ్డ మీద ఉమ్ముతోందని దేశమంతా తిప్పుతున్నారు," అంది శ్రీజ. "ఆడపిల్లని చెత్తకుప్పలో పారేస్తానంటోందట. పిల్లల డాక్టర్లు వీడియోలు పెడుతున్నారు ఇన్‌ఫెక్షన్ అని. పద్నాలుగు బుకింగ్స్ క్యాన్సిల్. జెస్సీ వాళ్ళ అపార్ట్‌మెంట్ గ్రూపులో పోలీస్ కంప్లయింట్ అంటున్నారు."

"నేను ఉమ్మలేదు కదా మేడం. బిడ్డను పట్టుకోని ఎవురైనా ఉమ్ముతారా?"

"నాకు తెలుసు. వాళ్ళకు తెలీదు."

"మీరే కదా తిట్టమన్నది? నేను మానుకునుంటిని. ఆ యమ్మ ఇంట్లో వద్దని కూడా చెప్తిని."

కింద ఎవరో బరువు దబ్బున వదిలారు. శ్రీజ కుర్చీ దగ్గరికి లాక్కుని మల్లమ్మ ఎదురుగా కూర్చుంది. "మల్లమ్మా, ఎవరు చెప్పారన్నది ఇప్పుడు పాయింట్ కాదు. పేజీ పోతే నేనొక్కదాన్నే కాదు, పదకొండు మందికి పని పోతుంది. నీ దగ్గర పని నేర్చుకున్న వనజ, ఆమె పిల్లల స్కూలు ఫీజు ఎక్కడినుంచి వస్తుంది? పెద్దదానివి, నువ్వు సారీ చెబితే జనం క్షమిస్తారు. నేను చెబితే నన్ను బతకనివ్వరు. కొంచెం అర్థం చేసుకో."

చాలా న్యాయంగా చెప్పింది. తప్పు పెద్దవాళ్ళ దగ్గర మొదలై చిన్నవాళ్ళ మీదికి దిగేటప్పుడు ఎప్పుడూ ఇంత న్యాయంగానే ఉంటుంది మాట. మల్లమ్మకు కడుపు మండింది. కానీ ఆమె తలలో తిరుగుతున్నది ఒకే లెక్క, ఇంకా తొమ్మిది స్నానాలు.

"చెప్తాను. ఆ బిడ్డకు నలభై అయ్యేదాకా నన్నే పంపిస్తానని మాటియ్యండి."

"ప్రామిస్," అంది శ్రీజ, ఆలోచించకుండానే.

మౌనిక రాసింది. గుండ్రటి లైటు వెలిగించి, మల్లమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక్కొక్క వాక్యం చదివింది. మల్లమ్మ వెనకాలే చెప్పింది. "నేను చదువుకోని దాన్ని." చెప్పింది. "మా పాత అలవాటు ప్రకారం చేసినాను." అదీ చెప్పింది. "శ్రీజ మేడం వద్దని ట్రైనింగులో చెప్పినా నేను వినలేదు."

ఆ వాక్యం దగ్గర ఆమె నోరు ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారి 'శ్రీజ మేడం చెప్పినట్టే' అని వచ్చేసింది నోటివెంట. మౌనిక కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అవ్వా, ఒక్క మాట. చెప్పేయ్, అయిపోతాది," అంది, బతిమాలుతూ.

నాలుగోసారి చెప్పింది. లైటు వెలుగు సూటిగా పడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తరువాత లక్షల మంది గుండె తరుక్కుపోయిందని రాసింది ఆ నీళ్ళను చూసే.

సోమవారం పొద్దున మామూలు టైముకే గేటు దగ్గరికి పోయింది. మంజునాథ్ తన ఫోన్లో ఆమె పేరు నొక్కాడు. పైన ఇంటివాళ్ళు ఒప్పుకుంటే పచ్చగా, లేకపోతే ఎర్రగా వస్తుంది. ఎర్రగా వచ్చింది.

"మళ్ళా నొక్కప్పా. పొరపాటై ఉంటాది."

మళ్ళీ నొక్కాడు. "బేడ అంటా ఉండారమ్మా, వద్దంట. నేనేం చేసేది?" అన్నాడు, ఆమె ముఖం చూడకుండా. అతని భార్య కూడా ఆ వీడియో చూసే ఉంటుంది.

జెస్సీకి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. శ్రీజకు చేసింది, కట్ అయింది. కాసేపటికి మౌనిక దగ్గరి నుంచి గొంతు మెసేజి వచ్చింది: "అవ్వా, మేడం నాలుగు దినాలు ఇంట్లో ఉండమంటా ఉంది. గలాటా తగ్గనీ. పాప దగ్గరికి వనజక్క పోతాది, భయపడొద్దు."

వీడియో తీసినప్పుడు ఆ బిడ్డ అమ్మ అక్కడే ఉంది. తువ్వాలు పట్టుకుని నవ్వింది. ఒక్క మాట, మేమే చేయమన్నాం అని ఒక్క మాట ఆ గ్రూపులో రాసి ఉంటే సరిపోయేది. బెంచీ మీద కూర్చుని మల్లమ్మ ఆ తొమ్మిదో అంతస్తు బాల్కనీ వంక చాలాసేపు చూసింది. పసిగుడ్డలు ఆరేసి ఉన్నాయి. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండూ మింగి బస్సెక్కింది.

అద్దం మీద ముప్ఫై ఒక్క బిళ్ళల దగ్గర వరస ఆగిపోయింది. వీధిలో ఇద్దరు ముగ్గురు అడిగారు, "ఏం మల్లక్కా, బిడ్డమీద ఉమ్మితివంట?" అని. మొదటిరోజు వివరంగా చెప్పింది. రెండోరోజు నుంచి తలుపు వేసుకుంది. సాయంత్రాలు వనజ వచ్చేది. రెండిళ్ళ అవతల కాపురం, మల్లమ్మ చేతి కిందే పని నేర్చుకుంది. వచ్చి గడప మీద కూర్చుని, అడక్కముందే పాప సంగతి చెప్పేది.

"ఒళ్ళు వదుల్తా ఉండాదా?"

"ఇంకా లేదక్కా. బిగుసుకుంటా ఉండాది."

"ముందు అరికాళ్ళ మీద పొయ్యి. ఒకేసారి వీపు మీద పోయొద్దు. మగ్గుతోనే పొయ్యి, చెంబు వద్దు."

గురువారం వనజ రాలేదు. శుక్రవారమూ రాలేదు. శుక్రవారం మౌనిక ఫోను చేసింది. గొంతు పొంగిపోతోంది, దాచుకోలేకపోతోంది.

"అవ్వా, నీ సారీ వీడియో ఎంత మంది చూసినారో తెలుసా? పాపం అవ్వ, మన సంస్కృతి తెలీనివాళ్ళు ఏడిపించినారు అని రాస్తా ఉండారు. తిట్టినోళ్ళను తిడతా ఉండారు. అందరూ మల్లమ్మే కావల్లంటా ఉండారు అవ్వా! బుకింగులు ఆగడం లేదు. మేడం ఎనిమిది మందిని కొత్తగా తీసుకునింది."

"అయితే రేపటి నుంచి రానా? పాపకు ఇంకా నాలుగుండాయి."

"అది కాదవ్వా. నువ్విప్పుడు మా పేజీకి ఫేసు కదా. ఏదో ఒక ఇంటికి నిన్ను పంపిస్తే ఇంకో ఇంటివాళ్ళు అలుగుతారని మేడం ఆలోచిస్తా ఉంది. నువ్వు ఆఫీసుకు వచ్చి కొత్తవాళ్ళకు ఎట్ల కూర్చోవల్ల, ఎట్ల తిట్టల్ల, ఆ థూ థూ ఎట్లనల్ల నేర్పిస్తే సాకంట. అదే ఇప్పుడు అందరూ అడిగేది."

"అది తప్పని కదా సారీ చెప్పిస్తిరి నాతోన?"

మౌనిక మెల్లిగా, "నాకూ అర్థం కాదవ్వా ఈ జనం," అంది.

"రాను," అంది మల్లమ్మ. "నేర్పేకి నాకు వచ్చింది నీళ్ళు పోసేది. తిట్టేది కాదు."

మంగళవారం నలభయ్యో రోజు. చీకటి విడవకముందే లేచి, గోళ్ళు తీసుకుని, తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుంది. పిలుపు లేదు. పోతే రానిస్తారన్న నమ్మకం కూడా లేదు. ఆఖరి చెంబు పోయాలి, అంతే. వద్దంటే ఆ తల్లి నోటితోనే వద్దనాలి, ఎర్రలైటుతో కాదు.

గేటు దగ్గర మంజునాథ్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. నవ్వాలో వద్దో తెలియని ముఖం పెట్టాడు.

"తొమ్మిదో ఫ్లోరుకు అడుగప్పా. మల్లమ్మ వచ్చిందని చెప్పు."

"మల్లమ్మా..." ఫోను చూసి తల గోక్కున్నాడు. "ఈ పొద్దు అప్పుడే ముగ్గురు మల్లమ్మలు లోపలికి పోయినారమ్మా. ఇంకొకరు వచ్చేదుంది. నిన్ను ఏమని రాసేది?"

మల్లమ్మకు అర్థం కాలేదు. అప్పుడే ఆటో ఒకటి ఆగింది. వనజ దిగింది. పసుపు రంగు ఏప్రాను కట్టుకుని ఉంది. గుండె మీద ముసలామె బొమ్మ, చేతిలో చెంబు, కింద పెద్ద అక్షరాలు. వనజ మల్లమ్మను చూసి ఆ అక్షరాల మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెట్టుకుంటే మాత్రం దాగుతాయా? మల్లమ్మకు చదువు రాకపోయినా తన పేరు గుర్తుపట్టేంత వచ్చు.

"అందరికీ ఇదే ఇచ్చినారక్కా," అంది వనజ. కళ్ళల్లో నీళ్ళు. "మల్లమ్మ స్నానం అని పేరు పెట్టినారు. ఇంటికి పోయినాక మల్లమ్మా అని పిలిస్తే పలకల్లంట. నీకు మొగం చూపించేకి కాలేదు, అందుకే రాలేదు నేను."

మల్లమ్మ ఆ బొమ్మను దగ్గరగా చూసింది. తనకంటే ముసలిది, తనకంటే బొద్దుగా ఉంది. ముక్కుకు పెద్ద బేసరి. తను ఎప్పుడూ బేసరి పెట్టుకోలేదు.

"ఈ పొద్దు నలభై," అంది.

వనజ ఇంకేమీ అడగలేదు. ఏప్రాను ముడి విప్పి మల్లమ్మ మెడలో వేసి, వెనక కట్టింది. తన గేటుపాసు కార్డు తీసి ఆమె చేతిలో పెట్టింది. మంజునాథ్ ఆ కార్డును ఫోనుతో స్కాన్ చేశాడు. పచ్చగా వచ్చింది. "కార్డు ఉంటే సాకు. పో అమ్మా," అని గేటు తెరిచి, వనజ పేరు రాసుకున్నాడు. వనజ బెంచీ మీద కూర్చుంది.

తలుపు తీసిన జెస్సీ ముఖం పాలిపోయింది. "ఆంటీ... మీరా! వనజగారు అనుకున్నా." పక్కకు తప్పుకుని, వెంటనే చెప్పడం మొదలుపెట్టింది. "నేను గ్రూపులో రాద్దామనే అనుకున్నానండీ, మేమే చేయమన్నామని. స్టాన్లీ వద్దన్నాడు. వీడియోలో పాప మనదేనని అందరికీ తెలిసిపోతుంది, మనకెందుకు అన్నాడు. రోజూ అనుకుంటూనే ఉన్నా, నిజంగా ఆంటీ."

"నీళ్ళు కాగినాయా తల్లీ?" అంది మల్లమ్మ.

పీట వేసుకుంది. కాళ్ళు చాపింది. బిడ్డ తొమ్మిది రోజుల్లో బరువెక్కింది, బుగ్గలు వచ్చాయి. ఒళ్ళో పడగానే కర్రలా బిగుసుకుంది. మల్లమ్మ మోచేత్తో నీళ్ళు చూసి, మగ్గుతో ముందు అరికాళ్ళ మీద పోసింది. ఆగింది. పిక్కల మీద పోసింది. నడుము మీద అరచెయ్యి ఊరికే ఆనించి ఉంచింది. బిడ్డ ఒకసారి ఎక్కిళ్ళు పెట్టింది. తరువాత మెడ వాలింది, పిడికిళ్ళు విచ్చుకున్నాయి, ఒళ్ళంతా ఆమె కాళ్ళ మీదికి జారి కుదురుకుంది. తిట్లూ, ఎర్రలైటూ, ఆ స్టూలు మీద చెప్పిన అబద్ధమూ ఆ కాసేపు మల్లమ్మకు ఏవీ గుర్తులేవు. నిదానంగా పిండి రుద్దింది, నిదానంగా కడిగింది. ఆఖరి మగ్గు నిండా ముంచి, నడినెత్తి నుంచి వీపు మీదుగా కాళ్ళదాకా ఒక్క ధారగా పోసింది. అయిపోయింది.

తల ఎత్తేసరికి గడప దగ్గర జెస్సీ ఫోను పట్టుకుని ఉంది.

"ఆంటీ, ఏమనుకోకండి. ఒక్కసారి ఆ థూ థూ కూడా... తిట్లతో. ఇప్పుడు మా బ్లాకులో అందరూ పిల్లలకి చేయిస్తున్నారు. ఫస్ట్ మా పాపకే కదా మీరు చేసింది. నలభయ్యో రోజు వీడియో కూడా ఉంటే బాగుంటుందని శ్రీజగారు కూడా అన్నారు. అసలు మల్లమ్మగారే చేశారంటే ఎవరూ నమ్మరు!"

మల్లమ్మ బిడ్డను తువ్వాలులో చుట్టి, లేచి, జెస్సీ ఖాళీ చేతిలో పెట్టింది. ఏప్రాను ముడి విప్పింది. పేరు లోపలికి పోయేట్టు నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుంది.

"అదంతా మల్లమ్మకే వస్తాది తల్లీ," అంది. "నేను వనజను. కావల్లంటే కింద గేట్లో అడుగు, అట్లనే రాసుకునుండారు."

జెస్సీకి ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో బిడ్డ. మల్లమ్మ రోజూలాగే తలవంచుకుని, ఆమె ప్రార్థన కోసం నిలబడింది. కొంతసేపు చూసింది. బిడ్డ తలమీద పెట్టడానికి ఆ తల్లికి ఖాళీ చెయ్యి లేదు. మల్లమ్మ వెనక్కి తిరిగి బకెట్టు కడిగి, మగ్గు బోర్లించి, బయటికి నడిచింది.